సరిచూసినవారు

“కుదరదని చెప్పానుగా అత్తయ్యా! పాత అద్దాలు గుండ్రంగా ఉన్నాయి, మీరు చెప్పే ఫ్రేము పలకగా ఉంటుంది. గిన్నె మూత తెచ్చి పెట్టెకి పెట్టమంటే ఎలా పెడతాను?”

“అరగదీసి పెట్టు. పదహారేళ్ళ నుంచి నువ్వు వెలగబెడుతున్న ఉద్యోగం అదేగా?”

“అరగదీస్తే చిన్నదవుతుంది గానీ పెద్దదవుతుందా?”

“చెయ్యాలని ఉంటే అన్నీ అవుతాయి. లేనప్పుడే ఇదుగో, ఇలా కొలతలు చెప్తారు.”

ఆదివారం పొద్దున టీలు తాగిన దగ్గర్నుంచీ అత్తాకోడళ్ళ మధ్య ఇదే పాట. అత్తగారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. ఎడమచేతికి మోచేతి దాకా పిండికట్టు. పెద్దకోడలు మంచం అంచున కూర్చుని, అత్తగారి పాత కళ్ళజోడుకి కట్టిన దారం విప్పి, విరిగిన కాడని చిన్న స్క్రూతో నిలబెట్టాలని తంటాలు పడుతోంది.

“అయినా పలక ఫ్రేములు కావాలంటే కొత్తవి కొనుక్కోవాలి. ఇంట్లో ఎక్కడున్నాయి?” అంది స్క్రూ మీంచి చూపు తిప్పకుండా.

“కొనడమెందుకు, దండగ! అంత మంచి ఫ్రేము చెత్తలో పోసుకోడానికి నాకు మనసొప్పలేదమ్మా,” అంటూ అత్తగారు దిండు కింద చెయ్యి పెట్టి, గుడ్డపీలికలో చుట్టిన పొట్లం తీసి కోడలి ఒళ్ళో పడేసింది.

పీలిక విప్పితే కొత్త కళ్ళజోడు. పది రోజుల కిందట అత్తగారు వాకిటి మెట్ల మీంచి పడ్డప్పుడు పెట్టుకున్నది. రెండు అద్దాలూ నిక్షేపంగా ఉన్నాయి.

పెద్దకోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“ఇది పగిలిపోయిందన్నారుగా?”

“ఎవరన్నారు?”

ఎవరన్నారో ఆయన కిటికీ పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. చదువుకుంటున్నాడనే అనుకోవాలి. పేజీ తిప్పి చాలాసేపయింది.

“పడ్డప్పుడు పగిలింది, ముక్కలు ఊడ్చి పారేశానని మీరేగా చెప్పారు?” అంది భర్త వైపు తిరిగి.

“ఆఁ... పగిలిందనే అనుకున్నా,” అని పేపరు వెనక నుంచి వచ్చింది జవాబు.

“అనుకోవడమేంట్రా!” అంది అత్తగారు. “నాకు కట్టు వేయించి ఇంటికి తెచ్చిన రోజున చెత్తబుట్ట అడుక్కంటా నువ్వు దాన్ని తొయ్యడం చూశా. చెత్తబండి వచ్చేలోగా తీసి దాచుకున్నా. విరిగింది చెయ్యేరా, కళ్ళు కాదు.”

“దాన్ని పెట్టుకునేగా పడ్డావు! ఆ దరిద్రం ఇంట్లో ఎందుకని పారేశా. ఇక ఆ గోల వదిలెయ్యండి ఇద్దరూ.”

వదిలెయ్యమనడం ఆయనకి తేలికే. పది రోజుల నుంచి ఆ కళ్ళజోడు పెద్దకోడలి మెడలో బండరాయిలా వేలాడుతోంది.

కంటి క్లినిక్కులో కొలతల కౌంటరు ఆమెది. వచ్చినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, తన కుర్చీని వాళ్ళ ఎత్తుకి సరిచేసుకుని, “నా ముక్కు మీదకి చూడండి” అంటూ, ఫ్రేములోని ఉత్తుత్తి అద్దం మీద నల్ల పెన్నుతో చుక్క పెడుతుంది. కంటిపాపకి ఎదురుగా చుక్క. దాన్నిబట్టే అసలు అద్దం తయారవుతుంది. దూరం, దగ్గర రెండూ కనిపించే అద్దాలకి ఆ చుక్క కాస్త పైకి పోయినా, కిందికి పోయినా మనిషికి కాలికింద నేల అందదు. పదహారేళ్ళలో ఆమె చుక్క తప్పిందన్నవాళ్ళు లేరు.

తప్పింది సొంత అత్తగారి దగ్గరే. పరీక్షించడానికి కళ్ళజోడు లేదు కాబట్టి, కొలతే తప్పి ఉంటుందని డాక్టరమ్మ అంది. “కొలిచింది నువ్వు. తయారయ్యాక సరిచూసినట్టు చీటీ మీద సంతకమూ నీదే. ఇంటిమనిషి కాబట్టి సరిపోయింది. బయటివాళ్ళయితే మన మొహం ఏం కాను?” ఆ రోజు నుంచీ కొలతల కౌంటర్లో ఆమె తోటికోడలు కూర్చుంటోంది. పెద్దకోడలు ఫ్రేముల అరలు తుడుస్తోంది. సంగతేదో సోమవారం తేల్చి చెప్తానంది డాక్టరమ్మ. సోమవారం రేపే.

“ఇంక దాన్ని అటు పడెయ్,” అన్నాడు భర్త.

పడెయ్యలేదు. లేచి ఆయన కుర్చీ దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎండ తెల్లగా పడుతోంది. కళ్ళజోడుని నోటి దగ్గర పెట్టుకుని ఒక్కో అద్దం మీద నెమ్మదిగా ఊపిరి వదిలింది.

ఆ పనిలో ఉన్నవాళ్ళకి తప్ప తెలియని కిటుకు అది. ఇలాంటి అద్దాల మీద, వేసుకున్న మనిషికి కూడా కనబడనంత సన్నగా రెండు సున్నాలూ, ఒక సున్నా కింద ఒక అంకె చెక్కి ఉంటాయి. దగ్గరి చూపుకి ఎన్ని పాయింట్లు కలిపారో చెప్పే అంకె. ఊపిరి ఆవిరికి అద్దం మసకబారితే ఆ గీతలు తేలతాయి, ఆవిరి ఆరగానే మాయమవుతాయి.

కుడి అద్దంలో ఇరవై తేలింది. రెండు పాయింట్లు. అత్తగారికి డాక్టరమ్మ రాసింది అదే.

ఎడమ అద్దంలో ఇరవై ఐదు.

మళ్ళీ ఊదింది. మళ్ళీ ఇరవై ఐదే. కళ్ళజోడు కిటికీ చువ్వకి సమంగా పెట్టి చూసింది. కుడి సున్నాలు ఒక ఎత్తులో ఉన్నాయి. ఎడమ సున్నాలు బియ్యపుగింజ మందాన పైకి ఉన్నాయి. ఒకే మనిషికి, ఒకే చేత్తో కొలిచి తెప్పించిన జత కాదిది. ఈ ఎడమ అద్దం ఇంకెవరిదో.

“మెట్టు రెండుగా ఉందర్రా అంటే నా బుర్రే రెండయిందని నవ్వారు,” అంది వెనక నుంచి అత్తగారు, ఎవర్నీ ఉద్దేశించకుండా.

పెద్దకోడలు కళ్ళజోడు దించింది. బాధ కాదు, ముందొచ్చింది హాయి. నా చుక్క తప్పలేదు. నా చెయ్యి వణకలేదు. పది రోజులుగా బిగబట్టుకున్న గాలంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

ఆ హాయి కూడా అద్దం మీది ఆవిరంతసేపే నిలిచింది. ఈ అద్దాలు బిగించిందెవరు?

*

వెనకగదిలో తోటికోడలు ఇస్త్రీ చేస్తోంది. ఇంట్లో అందరూ ఆమెని పిచ్చుకంటారు. ఒకచోట కుదురుగా కూర్చోదని అత్తగారు పెట్టిన పేరు. రెండేళ్ళ కిందట ఆమెని క్లినిక్కులో చేర్పించిందీ, స్క్రూ తిప్పడం దగ్గర్నుంచి నేర్పిందీ పెద్దకోడలే. ఇస్త్రీబల్ల మీద రెండు తెల్లకోట్లున్నాయి. ఒకటి తనది, ఒకటి అక్కది. ఈ పది రోజుల నుంచీ అక్క కోటు కూడా అడక్కుండానే ఇస్త్రీ చేసి పెడుతోంది.

పెద్దకోడలు తలుపు దగ్గరగా వేసి, కళ్ళజోడు బల్ల మీద పెట్టింది.

“ఎడమ అద్దం ఎక్కడిదే?”

పిచ్చుక కళ్ళజోడు వైపు చూసింది.

“ఏ ఎడమ అద్దం అక్కా?”

“ఊది చూసుకో.”

పిచ్చుక దాన్ని ముట్టుకోలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తీగ పీకేసి, కోటు మడతలు రెండు అరచేతులతోనూ సాపు చేస్తూ నిలబడింది.

“తిరిగొచ్చినవాటి సొరుగులోది,” అంది చివరికి.

కొలతలు కుదరక జనం వెనక్కిచ్చిన అద్దాలు పడేసే సొరుగు అది. కొత్తగా చేరినవాళ్ళు వాటి మీద చెయ్యి తిప్పడం నేర్చుకుంటారు.

“మన అద్దం ఏమైంది?”

“బిగిస్తుంటే అంచు పెచ్చు లేచింది. అప్పటికే ఆ నెల్లో రెండు పగలగొట్టానక్కా. మూడోది పగిలితే ఇంటికి పొమ్మంటానని డాక్టరమ్మ నీ ముందేగా అంది. సొరుగులో వెతికితే దూరం పవరు అచ్చంగా అదే ఉన్నది దొరికింది. దగ్గరిది అర పాయింటేగా తేడా. అత్తయ్య పుస్తకాలవీ చదవరు కదా, తెలీదులే అనుకున్నా. అరగదీసి పెట్టేశా.”

“మెషిన్లో పెట్టి చూశావా?”

“లేదు.”

“చూడకుండా ఎలా ఇచ్చావే?”

“సంతకం ఉందిగా అక్కా,” అంది పిచ్చుక. ఆ మాట తన నోట ఎలా వినిపించిందో తనకే తెలిసి తల దించుకుంది.

సంతకం ఉంది. నిజమే. తయారైన ప్రతి జతనీ బిగించినవాళ్ళు కాక ఇంకొకరు పవరు కొలిచే మెషిన్లో పెట్టి చూడాలి. చూసి, చీటీలో ‘సరిచూసినవారు’ అన్న గీత మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టే హక్కు పెద్దకోడలిది. కిందటి నెలలో అత్తగారిని మోకాలి చికిత్సకి రోజూ నాలుగింటికల్లా తీసుకెళ్ళాల్సొచ్చింది. సాయంత్రం తయారయ్యే జతలకి సంతకం ఎవరు పెడతారు? పెద్దకోడలు ఖాళీ చీటీలు ఇరవై తీసుకుని, వరసగా సంతకాలు చేసి పిచ్చుక చేతిలో పెట్టింది. “ఒక్కోటీ చూశాకే చీటీ కట్టవే, నా పరువు నీ చేతిలో ఉంది,” అంది నవ్వుతూ. బయటివాళ్ళయితే పెట్టేది కాదు. సొంత తోటికోడలు గనక పెట్టింది.

“నాతో ఎందుకు చెప్పలేదు? తిట్టేదాన్ని, రెండు అంటించేదాన్ని కూడా. కానీ చెప్పాల్సింది.”

“చెప్దామనే అనుకున్నా. ఒట్టు. ఆస్పత్రిలో అత్తయ్యకి కట్టు వేస్తుంటే వరండాలో కూర్చుని ఏడుస్తున్నా. బావగారొచ్చి ఏంటమ్మా అన్నారు. దాచలేక అంతా చెప్పేశా.”

“ఎవరికి?”

“బావగారికి.”

బయట ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడైంది.

“ఏమన్నారు?”

“మీ అక్కకి చెప్పొద్దు, నేను చూసుకుంటానన్నారు.”

పెద్దకోడలు బల్ల మీది కళ్ళజోడు తీసి కొంగు కింద పెట్టుకుంది.

“మిగతా పంతొమ్మిది జతలూ చూశావా?”

“చూశానక్కా. చాలావరకు.”

“చాలావరకంటే?”

పిచ్చుక మళ్ళీ కోటు మడతలు సాపు చేయసాగింది.

*

ఆయనే వంటింట్లోకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, గొంతు తగ్గించి అన్నాడు.

“వదిలెయ్యమన్నానా లేదా?”

పెద్దకోడలు కూర కలుపుతోంది. గరిటె ఆపలేదు.

“వరండాలోనే తెలిసిందటగా మీకు.”

“తెలిస్తే ఏం చెయ్యమంటావ్? దాని ఉద్యోగం ఊడేది. తమ్ముడికేమో సగం రోజులు పనే లేదు. నీకలా కాదుగా. నీకు పదహారేళ్ళ పేరుంది. నాలుగు మాటలంటారు, నాలుగు రోజులకి మళ్ళీ నీ కుర్చీలో నిన్ను కూర్చోబెడతారు. నువ్వయితే తట్టుకుంటావని...”

“తట్టుకుంటానని ఎవరు చెప్పారు?”

“చెప్పేదేముంది! ఇన్నేళ్ళ నుంచి చూడట్లేదా?”

అది మెచ్చుకోలు అనుకుని అన్నాడాయన. మొహంలో కాస్త నవ్వులాంటిది కూడా తెచ్చుకున్నాడు.

“గురువారం గుర్తుందా?” అంది పెద్దకోడలు.

“ఏ గురువారం?”

“మొన్నటిదే. వయసు మీద పడుతోంది, నీ కళ్ళే ఓసారి చూపించుకోమని మీరంటే వెళ్ళాను. రోజూ నేను జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో నేను కూర్చున్నాను. అక్షరాలు చదివాను. సాయంత్రం మీరు ఎదురొచ్చి మరీ అడిగారు, ఏమన్నారూ అని. కళ్ళు బాగానే ఉన్నాయట అన్నాను. అప్పుడేమన్నారు మీరు?”

ఆయన గుమ్మం చెక్క మీద పెచ్చు లేచిన రంగుని గోటితో గీకుతున్నాడు.

“అయితే మనసు పెట్టి చెయ్యట్లేదేమో అన్నారు. ఆ రాత్రి నేను ముద్ద ముట్టలేదు. తినమని బతిమాలారు కూడా. అప్పటికి మీకు తెలుసు కదా?”

“ఇప్పుడవన్నీ తవ్వి...”

“తెలుసా, తెలీదా?”

“తెలుసు,” అన్నాడు.

అబద్ధమాడి కళ్ళజోడు పారేశాడంటే, తల్లి పడ్డ కంగారనుకునేది. మరదల్ని వెనకేసుకొచ్చాడంటే, ఇంటికి పెద్దకొడుకు కదా అని సర్దుకునేది. కానీ ఆమె తన చేతుల్ని తానే అనుమానించుకుంటూ పది రోజులు ఇంట్లో తిరుగుతుంటే, ఎదురుగా కూర్చుని చూశాడు మనిషి. చూస్తూ చూస్తూ ఇంకో పుల్ల ఎగదోశాడు.

“ఇది ఇంటి విషయం. గడప దాటనివ్వకు,” అన్నాడాయన ఈసారి గట్టిగానే. “పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమెందుకు?”

మామూలు రోజైతే ఆ మాటకి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆమె పొయ్యి కట్టేసి, “భోజనాలకి రమ్మనండి అందర్నీ,” అంది.

*

మరిది తలస్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఏం జరిగినా ఆఖరున తెలిసే మనిషి అతను.

“ఏంటి వదినా, ఇవాళ ఇల్లు పరీక్ష హాల్లా ఉంది? ఒక్కరూ నోరు విప్పరే?”

“తిను,” అన్నాడు అన్నగారు.

“తింటాలే. నీ కంచంలో ముద్ద కదల్లేదు, నన్నంటావేం?”

అత్తగారు కుడిచేత్తో తింటూ, పాత కళ్ళజోడులోంచి ఒక్కొక్కరినీ వంతులవారీగా చూస్తోంది. పిచ్చుక కంచం ముందు కూర్చుంది గానీ చెయ్యి తడి కాలేదు. పెద్దకోడలు అందరికీ వడ్డించి, తనూ ఒక కంచం తెచ్చుకుని కూర్చుంది. కొంగు కింద నుంచి కొత్త కళ్ళజోడు తీసి బల్ల మధ్యలో పెట్టింది.

“అత్తయ్యా, మెట్టు రెండుగా కనబడుతోందని మీరు మూడుసార్లు చెప్పారు. నిజంగానే కనబడింది. రెండు కళ్ళకీ రెండు రకాల అద్దాలున్నాయి ఇందులో.”

“చెప్పానా!” అంది అత్తగారు. అని, చుట్టూ చూసి, అందరి మొహాలూ చూశాక గొంతు మార్చింది. “రెండు రకాలవి ఎవరు పెట్టారే?”

“ఎవరు పెట్టారో వాళ్ళు చెప్పాలి. నేను చెప్పను. నేను చెప్పాల్సింది నాది ఒకటుంది.”

పిచ్చుక తల ఎత్తలేదు. మరిది ఒకసారి భార్యనీ, ఒకసారి వదిననీ చూసి, నోట్లో ముద్ద నమలడం మరచిపోయాడు.

“ఖాళీ చీటీలు ఇరవైకి చూడకుండా సంతకాలు పెట్టాను. ఆ తప్పు నాది. అందులో అత్తయ్యది ఒకటి. మిగతా పంతొమ్మిది మందీ ఎవరో, ఏ మెట్లు దిగుతున్నారో, ఏ రోడ్లు దాటుతున్నారో నాకు తెలీదు. రేపు అరగంట ముందే క్లినిక్కుకి వెళ్తాను. డాక్టరమ్మకి సంతకాల సంగతి చెప్తాను. ఆ చీటీలు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలుస్తాను. అందరివీ నా చేత్తో మెషిన్లో పెట్టి చూస్తాను.”

“ఆవిడ ఎందుకు, ఏమిటని తవ్వుతుంది,” అన్నాడు భర్త. “ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.”

“పోవచ్చు.”

“నాతో ఒక్క మాట అనకుండా...”

“మీరు నాతో అన్నారా?”

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“అక్కా,” అంది పిచ్చుక సన్నగా. మరిది ఆమె వైపు తిరిగి, “నువ్వా?” అన్నాడు. ఆ ఒక్క మాటా అడిగి, జవాబు వినడం ఇష్టం లేనట్టు కంచంలోకి చూసుకున్నాడు.

“దాన్నేమీ అనకు. భయపడింది, దాచింది. చిన్నది,” అంది పెద్దకోడలు. “భయం లేనివాళ్ళు దాచడమే నాకు అర్థం కాలేదు.”

అత్తగారు కొడుకు వైపు చూసింది. చెత్తబుట్ట సంగతి అప్పుడు ఆవిడకి పూర్తిగా అందినట్టుంది. “ఒరేయ్,” అని మాత్రం అంది. ఎన్నో తిట్లు తెలిసిన మనిషి, అక్కడితో ఆగిపోయింది.

“ఇంకొకటి కూడా చెప్పాలి,” అంది పెద్దకోడలు. రేపు పాలు ఒక ప్యాకెట్టు ఎక్కువ తెమ్మని చెప్పే గొంతుతోనే అంది. “ఒకటో తారీఖు నుంచి నేను విడిగా ఉంటాను. క్లినిక్కు వెనక వీధిలో ఒక గది ఖాళీగా ఉందని విన్నాను. అది కాకపోతే ఇంకోటి.”

“ఎవరితో?” అన్నాడు భర్త. అడిగాక, ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువగా ఉందో తనకే తోచినట్టు పెదవులు బిగించాడు.

“ఒక్కదాన్నే.”

“ఎన్నాళ్ళు వదినా?” అన్నాడు మరిది.

“అది ఇంకా అనుకోలేదు.”

ఆమె కూరగిన్నె దగ్గరికి లాక్కుని గరిటె పట్టుకుంది.

“ఇంకాస్త ఎవరికి వెయ్యను?”

ఎవరూ కంచం ముందుకి జరపలేదు.